షెల్టర్ నుంచి కుక్కను దత్తత తీసుకోవడం: ఎంపిక మొదలుకొని తొలి మూడు నెలల దాకా

దిక్కులేని కుక్కలకు ఆశ్రయమిచ్చే షెల్టర్‌లో బోను కమ్మీల వెనక ఉన్న కుక్కను చూడగానే ఇది అల్లరిదనో, పిరికిదనో, మొండిదనో తేల్చేయడం చాలామందికి అలవాటు. కానీ ఆ కుక్క ఉన్న పరిస్థితిని ఒక్కసారి ఊహించుకోండి. పగలంతా చుట్టుపక్కల బోన్లలోంచి మొరుగుళ్లు, కింద గట్టి నేల, కడగడానికి వాడే మందుల ఘాటు, ఎవరు ఎప్పుడు వచ్చి ఎటు తీసుకెళతారో తెలియని అయోమయం. వీటన్నిటి మధ్య దానికి కంటినిండా నిద్ర కూడా ఉండదు. ఆ ఒత్తిడికి కొన్ని కుక్కలు మనిషి కనబడగానే కమ్మీల మీదికి ఎగబడతాయి, కొన్ని గోడవైపు తిరిగి ముడుచుకుపోతాయి. ఈ రెండూ ఆ చోటు వల్ల వచ్చిన ప్రవర్తనలే కావచ్చు, కుక్క అసలు స్వభావం వేరే ఉండవచ్చు. అందుకే దత్తతలో సరైన కుక్కను ఎంచుకోవడం ఎంత ముఖ్యమో, ఇంటికి తెచ్చాక దాని అసలు తీరు బయటపడేంత వ్యవధి ఇవ్వడం అంతకంటే ముఖ్యమని నా నమ్మకం.

షెల్టర్‌కు వెళ్లే ముందు

కుక్కలు సాధారణంగా పది నుంచి పదమూడేళ్లు బతుకుతాయి, చిన్న ఆకారం ఉన్నవి పదిహేనేళ్లు దాటడం కూడా మామూలే. అంటే ఈ రోజు మీ ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు ఎలా ఉన్నాయో చూసుకుని మాత్రమే కాక, ఇవన్నీ మారిపోయినా కుక్క మీతోనే ఉండాలని అనుకుని నిర్ణయం తీసుకోవాలి. పొద్దున్నే ఎవరు బయటికి తీసుకెళతారు, రోజులో ఎన్ని గంటలు అది ఒంటరిగా ఉండాల్సి వస్తుంది, ఊరికి వెళ్లినప్పుడు ఎవరి దగ్గర వదులుతారు అన్న ప్రశ్నలకు ఇంట్లో అందరూ కలిసి కూర్చుని జవాబు చెప్పుకోవాలి. ఇంట్లో ఒక్కరికి ఇష్టం లేకపోయినా ఆ అయిష్టం చివరికి కుక్క మీదే పడుతుంది కనుక, వాళ్లు సరేననేదాకా ఆగడమే మేలు. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి ముందే, వీలైతే రాతపూర్వకంగా, తీసుకోండి. తిండి, టీకాల ఖర్చు ముందుగా అంచనాకు అందుతుంది, హఠాత్తుగా వచ్చే జబ్బుల ఖర్చు అందదు. అందుకని కొంత సొమ్మును వైద్యం కోసమే విడిగా ఉంచుకోవడం అవసరం.

కూనను తెచ్చుకోవాలా, ఎదిగిన కుక్కనా అన్న విషయంలో నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. కుక్కను పెంచడం ఇదే మొదటిసారి అయితే, రెండేళ్లు నిండిన కుక్కను తెచ్చుకోండి. కూన ముద్దుగా ఉంటుంది, నిజమే. కానీ రెండు నెలల కూన మహా అయితే రెండు మూడు గంటలు మూత్రం ఆపుకోగలదు, రాత్రిళ్లు కూడా లేచి బయటికి తీసుకెళ్లాలి, పళ్లు మారే నెలల్లో దొరికిన వస్తువునల్లా కొరుకుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, సుమారు మూడు వారాల వయసు నుంచి పద్నాలుగు వారాల దాకా దానికి రకరకాల మనుషులు, శబ్దాలు, చోట్లు భయం లేకుండా పరిచయం కావాలి. ఆ గడువు దాటితే కొత్తవాటికి అలవాటుపడటం చాలా కష్టమవుతుంది. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండని కుటుంబానికి ఇది శక్తికి మించిన పని. ఎదిగిన కుక్క విషయంలో ఎంత ఎత్తు పెరుగుతుంది, ఎంత చురుకైనది, పిల్లలంటే ఎలా ఉంటుంది అన్నవి చాలావరకు ముందే తెలుస్తాయి. ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కలను ఎవరూ అడగరని షెల్టర్ సిబ్బంది బాధపడుతుంటారు. నెమ్మదిగా సాగే ఇంటికి, పెద్దవాళ్లు ఎక్కువగా ఉండే ఇంటికి అలాంటి కుక్క చక్కగా సరిపోతుంది.

జాతి గురించి ఒక్క మాట. మిశ్రమ జాతి కుక్కల పంజరాల మీద రాసి ఉండే జాతి పేర్లు చాలాసార్లు ఆకారం చూసి వేసిన ఊహలే. డీఎన్ఏ పరీక్ష చేయించినప్పుడు ఆ ఊహలు తప్పని తేలడం తరచుగా జరిగే విషయమే. కాబట్టి చీటీ మీది పేరును బట్టి స్వభావాన్ని ఊహించుకోకుండా, ఎదురుగా ఉన్న కుక్కను గమనించండి.

కుక్కను చూడటం ఎలా

కనీసం రెండుసార్లు, వేరువేరు వేళల్లో వెళ్లండి. తిండి పెట్టే ముందు గంటలో కనిపించిన కుక్క, మధ్యాహ్నం సద్దుమణిగిన వేళ కనిపించే కుక్క ఒకేలా ఉండవు. నచ్చిన కుక్కను బోను బయట, వీలైతే నిశ్శబ్దంగా ఉండే గదిలోనో ఖాళీ స్థలంలోనో చూపించమని అడగండి. అక్కడ దాని మీదికి వంగకుండా, కళ్లలోకి గుచ్చి చూడకుండా, కాస్త పక్కకు తిరిగి నేల మీద కూర్చోండి. చెయ్యి చాచి తల నిమరాలన్న ఆత్రం ఆపుకోండి. దగ్గరికి రావాలో వద్దో అది నిర్ణయించుకోనివ్వండి.

మా ఇంటికి వచ్చిన కుక్కను మొదటిసారి చూసినప్పుడు అది గది మూలలో గోడకు ముఖం పెట్టుకుని ఉంది, చెవులు వెనక్కి అతుక్కుపోయి ఉన్నాయి. మూడోసారి వెళ్లి పావుగంట కదలకుండా కూర్చున్నాక, పొట్ట నేలకు ఆనించి అడుగడుగూ జరుగుతూ వచ్చి నా చెప్పు వారును వాసన చూసి, వెంటనే వెనక్కి వెళ్లిపోయింది. తర్వాత మళ్లీ వచ్చింది. నాకు అక్కడ నచ్చింది ఆ రెండో రాకడ. భయపడటం తప్పు కాదు, భయం నుంచి ఎంత త్వరగా తేరుకుంటుందన్నదే చూడవలసిన విషయం. తాళాల గుత్తి కాస్త దూరంలో జారవిడిస్తే చాలా కుక్కలు ఉలిక్కిపడతాయి. కొన్ని క్షణాల్లో తేరుకుని అదేమిటో చూడటానికి వచ్చే కుక్క కొత్త ఇంట్లో సులువుగా కుదురుకునే అవకాశం ఎక్కువ. పది నిమిషాలైనా వణుకు తగ్గని కుక్కను వద్దనుకోవాలని నేను చెప్పను, కానీ దానికి నెలల తరబడి ఓపిక కావాలని తెలిసే తీసుకోవాలి.

తోక ఊపితే సంతోషమనే నమ్మకం సగమే నిజం. ఒళ్లంతా వదులుగా, నడుము కూడా ఊగుతూ తోక ఊపితే అది స్నేహం. ఒళ్లు బిగపట్టి, తోక నిటారుగా లేపి చిన్నగా, వేగంగా ఊపుతుంటే అది ఉద్రేకం. నిద్ర వేళ కాకపోయినా పదే పదే ఆవులించడం, తిండి లేకుండానే మూతి నాక్కోవడం, తల తిప్పకుండా కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ఇవన్నీ ఇబ్బందిగా ఉందని కుక్క చెప్పే మాటలు. గుర్రుమనడం కూడా అలాంటి మాటే. గుర్రుమన్నందుకు దండించిన కుక్క ఆ హెచ్చరిక మానేసి నేరుగా కరవడం నేర్చుకునే ప్రమాదం ఉంది.

తర్వాత సిబ్బందితో మాట్లాడండి. ఆఫీసులో కూర్చున్నవారితో పాటు, రోజూ ఆ బోను కడిగి తిండి పెట్టే మనిషితో తప్పకుండా మాట్లాడండి. కుక్క ఎలా వచ్చింది, వీధిలో దొరికిందా, ఎవరైనా వదిలి వెళ్లారా, ఇదివరకు దత్తత వెళ్లి తిరిగి వచ్చిందా, వస్తే కారణమేమిటి, తోటి కుక్కలతో, పిల్లులతో, చిన్నపిల్లలతో ఎలా ఉంటుంది, గోళ్లు కత్తిరించేటప్పుడు, చెవులు తాకినప్పుడు ఏం చేస్తుంది, ఎప్పుడైనా ఎవరినైనా కరిచిందా అని అడగండి. తిండి గిన్నె దగ్గరికి వస్తే గుర్రుమంటుందని చెప్పినంత మాత్రాన వెనక్కి తగ్గనక్కర్లేదు, ఎందుకంటే షెల్టర్‌లో కనిపించే ఈ అలవాటు స్థిమితపడిన ఇంట్లో చాలా కుక్కల్లో తగ్గిపోతుంది. అయితే చిన్నపిల్లలున్న ఇంటికి మాత్రం ఇలాంటి కుక్క విషయంలో జాగ్రత్తే మంచిది. కొన్ని షెల్టర్లు కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకుని చూసి, ఆపై దత్తత ఖాయం చేసుకునే వీలు కల్పిస్తాయి. ఆ అవకాశం ఉంటే వదులుకోకండి.

ఆరోగ్యం, పత్రాలు

కుక్కతో పాటు దాని వైద్య పత్రాలు కూడా మీ చేతికి రావాలి. ఏ టీకా ఏ తేదీన వేశారో అందులో స్పష్టంగా ఉండాలి. రేబిస్‌తో పాటు డిస్టెంపర్, పార్వో, అడినో వైరస్‌ల టీకాలు ప్రతి కుక్కకూ అవసరం. కూనలకైతే ఇవి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, పదహారు వారాలు నిండేదాకా రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో పడాలి. తల్లి పాల ద్వారా వచ్చిన రక్షణ తొలి డోసులను పనిచేయనివ్వకపోవచ్చు కనుక ఒక్క డోసు పడింది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతకగలదు. ఏడాది లోపు మీ ఇంట్లో ఏ కుక్కైనా ఆ జబ్బు పడి ఉంటే, టీకాలు పూర్తికాని కూనను తీసుకురావద్దు.

ఎదిగిన కుక్కలకు దోమల ద్వారా వచ్చే గుండె పురుగు పరీక్ష, పిడుదుల ద్వారా వచ్చే ఎర్లీకియా, బబీసియా అనే జబ్బుల పరీక్షలు జరిగాయా అని అడగండి. గుండె పురుగు సోకిన ఆరు నెలల దాకా మామూలు పరీక్షలో బయటపడకపోవచ్చు, అందుకే మొదటి పరీక్షలో లేదని వచ్చినా ఆరు నెలలకు మళ్లీ చేయించడం మంచిది. షెల్టర్లలో పొడి దగ్గు సులువుగా వ్యాపిస్తుంది. గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు దగ్గినా చురుగ్గా తింటూ తిరుగుతుంటే అది సాధారణంగా తగ్గేదే, కానీ తిండి మానేసినా జ్వరం వచ్చినా వెంటనే పశువైద్యుడికి చూపించాలి. కుక్క శరీర ఉష్ణోగ్రత మనిషి కంటే ఎక్కువ, సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ దాకా మామూలే, కాబట్టి ఒళ్లు వెచ్చగా తగిలిందని కంగారుపడి మనుషుల జ్వరం మాత్రలు ఇవ్వకండి. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ కుక్కలకు ప్రమాదకరం.

సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగిందో లేదో కూడా పత్రంలో ఉంటుంది. జరగకపోతే ఎప్పుడు చేయించాలో వైద్యుడితో మాట్లాడండి. ఆడకుక్కలకు ఆ శస్త్రచికిత్స చేయించకపోతే వయసు మీద పడ్డాక గర్భాశయంలో చీము పట్టి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. చర్మం కింద మైక్రోచిప్ వేసి ఉంటే, బియ్యపు గింజంత ఉండే ఆ చిప్‌లో సాధారణంగా పదిహేను అంకెల సంఖ్య ఒకటే ఉంటుందని, కుక్క ఎక్కడుందో అది చెప్పలేదని గుర్తుంచుకోండి. ఆ సంఖ్యకు ఎదురుగా మీ ఫోన్ నంబరు నమోదు చేయించకపోతే చిప్ ఉన్నా ప్రయోజనం లేదు. ఇంటికి తెచ్చిన వారం లోపు మీ సొంత పశువైద్యుడికి ఒకసారి చూపించండి.

ఇంటికి తెచ్చే రోజు

కుక్క రాకముందే దానికంటూ ఒక మూల సిద్ధం చేయండి. ఎవరూ అటూ ఇటూ తిరగని చోట ఒక పరుపు, నీళ్ల గిన్నె, వీలైతే పైన గుడ్డ కప్పిన బోను ఉంటే చాలు. బోను తలుపు తెరిచే ఉండాలి, అది దాక్కోవడానికే తప్ప బంధించడానికి కాదు. చాక్లెట్, ద్రాక్ష, ఎండు ద్రాక్ష, ఉల్లిపాయ, వెల్లుల్లి, జైలిటాల్ అనే తీపి పదార్థం కలిసిన చూయింగ్ గమ్, మందుల డబ్బా, ఇవన్నీ అందనంత ఎత్తున పెట్టండి.

కుక్కలు తప్పిపోయే ప్రమాదం ఎక్కువగా ఉండేది మొదటి కొన్ని రోజుల్లోనే. దీన్ని నేను అనుభవం మీద తెలుసుకున్నాను. మా కుక్క వచ్చిన రెండో రోజు గేటు దగ్గర పెద్దగా హారన్ మోగింది. అది ఒక్కసారిగా వెనక్కి జంకేసరికి మెడపట్టీ చెవుల మీదుగా జారి నా చేతిలో మిగిలింది, కుక్క రోడ్డు దాటి పోయింది. నేను వెంటపడిన కొద్దీ అది ఇంకా దూరం పరుగెత్తింది. చివరికి పరుగు ఆపి, దానికి కనిపించే దూరంలో నేల మీద పక్కకు తిరిగి కూర్చుని, తిండి ముక్కలు చుట్టూ చల్లి ఎదురుచూశాను. అది దగ్గరికి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. అప్పటి నుంచి భయస్తురాలైన కుక్క ఎవరి ఇంటికి వస్తున్నా నేను చెప్పేది ఒకటే: మెడపట్టీ ఒక్కదాన్ని నమ్ముకోకండి, ఒంటికి సరిపోయే హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) వేసి, హార్నెస్‌కు ఒక తాడు, మెడపట్టీకి ఒక తాడు కట్టి రెండూ పట్టుకోండి. పట్టీకీ మెడకీ మధ్య రెండు వేళ్లు దూరేంత సందు ఉండాలి, అంతకు మించి వద్దు. ఫోన్ నంబరు రాసిన బిళ్ల మొదటి క్షణం నుంచే మెడలో ఉండాలి.

షెల్టర్ నుంచి దారిలో ఎక్కడా ఆగకుండా ఇంటికే రండి. లోపలికి తీసుకెళ్లే ముందు, ఇకపై మూత్రానికి ఎక్కడికి తీసుకెళ్లాలనుకుంటున్నారో ఆ చోటే ముందు చూపించండి. ఆ రోజు బంధువులను, స్నేహితులను పిలవకండి. చుట్టూ చేరి ఫోటోలు తీసే సందడి మనకు ఆనందంగా ఉంటుంది, కుక్కకు మాత్రం అది మరో షెల్టర్‌లా అనిపిస్తుంది.

మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు

కుక్కలను దత్తతకు ఇచ్చేవారు తరచుగా చెప్పే ఒక లెక్క ఉంది. మూడు రోజులు బెదురు తగ్గడానికి, మూడు వారాలు ఇంటి పద్ధతి అర్థమవడానికి, మూడు నెలలు ఇది నా ఇల్లే అనిపించడానికి పడతాయని అంటారు. ఇది కచ్చితమైన సూత్రమేమీ కాదు, కొన్ని కుక్కలకు ఇంతకు రెట్టింపు పడుతుంది. అయినా తొందరపడే మనసుకు కళ్లెం వేయడానికి ఈ లెక్క బాగా పనికొస్తుంది.

తొలి రోజుల్లో తిండి సరిగ్గా తినకపోవచ్చు, ఎక్కువసేపు నిద్రపోవచ్చు, మంచం కిందే ఉండిపోవచ్చు. మా కుక్క నాలుగు రోజులు తలుపు వెనకే ఉంది. మేం నిద్రపోయాక వచ్చి, గిన్నెలోంచి ఒక్కో ముద్ద నోట కరుచుకుని ఆ తలుపు వెనక్కి తీసుకెళ్లి తినేది. పొద్దున్నే అక్కడ నేల మీద ఎండిన మెతుకులు కనిపించేవి. మేం గిన్నెనే కొంచెం కొంచెంగా గది మధ్యకు జరిపాం తప్ప దాన్ని బయటికి లాగలేదు. ఒక రోజంతా ఏమీ తినకపోయినా నీళ్లు తాగుతూ చురుగ్గా ఉంటే వేచి చూడవచ్చు. నీళ్లు కూడా ముట్టకపోయినా, వాంతులు విరేచనాలు అవుతున్నా, లేదా అది ఇంకా కూనే అయినా ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

షెల్టర్‌లో ఏ తిండి పెట్టేవారో అడిగి మొదట్లో అదే పెట్టండి. మీరు పెట్టదలచిన తిండికి మార్చడం వారం పది రోజుల్లో జరగాలి. మొదట నాలుగో వంతు కొత్తది, తర్వాత సగం, ఆ తర్వాత ముప్పాతిక, చివరికి పూర్తిగా. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలవుతాయి, అది తిండి మార్పు వల్లనో జబ్బు వల్లనో తేల్చుకోవడం కష్టమవుతుంది.

మూత్రం విషయంలో ఎదిగిన కుక్కకు కూడా ఇల్లంటే ఏమిటో కొత్తగా నేర్పాలి, ఎందుకంటే షెల్టర్‌లో అది ఉన్నచోటే పోసుకోవడానికి అలవాటుపడి ఉండవచ్చు. నిద్ర లేవగానే, తిన్నాక, ఆడుకున్నాక, పడుకునే ముందు బయటికి తీసుకెళ్లండి. బయట పోసిన వెంటనే, అక్కడే, చిన్న తిండి ముక్క ఇచ్చి మెచ్చుకోండి. ఇంట్లోకి వచ్చాక ఇస్తే ఇంట్లోకి వచ్చినందుకే ఇచ్చారని అది అనుకుంటుంది. లోపల పోస్తే అరవడం, దాని ముక్కును అందులో పెట్టడం లాంటివి చేయకండి. వాటివల్ల కుక్క నేర్చుకునేది మీ కంటపడకుండా పోయాలని మాత్రమే. అమ్మోనియా ఉన్న ద్రావణాలతో తుడిస్తే మూత్రం వాసనే మిగిలి మళ్లీ అక్కడికే వస్తుంది కనుక, ఎంజైములున్న శుభ్రపరిచే ద్రావణం వాడండి.

ఒంటరిగా ఉండటం కూడా నేర్పవలసిన విద్యే. సెలవు పెట్టి వారమంతా కుక్క పక్కనే ఉండి, ఎనిమిదో రోజు హఠాత్తుగా పది గంటలు వదిలి వెళ్లడం చాలామంది చేసే పొరపాటు. మొదటి రోజుల నుంచే ఒక్క నిమిషం తలుపు వేసి బయట నిలబడి రండి, తర్వాత ఐదు నిమిషాలు, ఆ తర్వాత అరగంట. వెళ్లేటప్పుడు గానీ వచ్చేటప్పుడు గానీ ఆర్భాటం చేయకండి.

ఇంట్లో ఇదివరకే కుక్క ఉంటే, వైద్యుడు చెప్పినన్ని రోజులు కొత్తదాన్ని విడిగా ఉంచి, ఆ తర్వాత రెండింటినీ మొదటిసారి ఇంటి బయటే కలపండి. ఇద్దరు మనుషులు, చెరో తాడు పట్టుకుని, మధ్య తగినంత ఎడం ఉంచి ఒకే దిశలో నడవాలి. అవి ఒకదాన్నొకటి పట్టించుకోకుండా నడుస్తున్నాయనిపించాకే ఆ ఎడం తగ్గించాలి. గిన్నెలు, ఎముకలు, ఆట వస్తువులు కొన్ని వారాలు విడివిడిగా ఉంచండి.

చిన్నపిల్లలను కుక్కతో ఒంటరిగా, ఒక్క నిమిషమైనా సరే, వదలకండి. పడుకున్న కుక్కను, తింటున్న కుక్కను తాకకూడదని, మెడ చుట్టూ చేతులు వేసి వాటేసుకోకూడదని, దాని మూల దానిదేనని పిల్లలకు ముందే నేర్పాలి. ఏ కుక్క కరిచినా, గీరినా ఆ చోటును వెంటనే సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవాలి. టీకా వేసిన కుక్కే కదా అని ఊరుకోకూడదు.

రెండో నెలలో కొన్ని కుక్కలు అప్పటిదాకా లేని పనులు మొదలుపెడతాయి. కిటికీ దగ్గర మొరగడం, సోఫా ఎక్కడం, పిలిస్తే వినకపోవడం, కొత్తవారి మీద గుర్రుమనడం లాంటివి. మొదట్లో ఎంతో బుద్ధిగా ఉండేది, ఇప్పుడు పాడైపోయిందని చాలామంది నిరాశపడతారు. కానీ మొదట్లో కనిపించింది బుద్ధి కాదు, బెదురు. ఆ బెదురు తగ్గి అసలు స్వభావం బయటికి వస్తోంది. నిజమైన శిక్షణ మొదలుపెట్టవలసిన సమయం ఇదే. ఒకటి రెండు నిమిషాల చిన్న పాఠాలు, రోజుకు నాలుగైదుసార్లు, చేసిన ప్రతి మంచి పనికీ తిండి ముక్క. కొట్టే, గొలుసు లాగే, కరెంటు పట్టీలు వాడే శిక్షకుల దగ్గరికి మాత్రం వెళ్లకండి. భయంతో ఉన్న కుక్కకు నొప్పి తోడైతే అది కరిచే కుక్కగా మారే ప్రమాదం ఉంది.

అన్నీ చేసినా కొన్నిసార్లు కుదరదు. ఇంట్లో పసిబిడ్డ వచ్చాక కుక్క బెదిరి దగ్గరికి రానివ్వకపోవచ్చు, పాత కుక్కకూ కొత్తదానికీ రోజూ పోట్లాటే కావచ్చు. ముందు పశువైద్యుడికి చూపించండి, ఎందుకంటే పంటి నొప్పి, కీళ్ల నొప్పి, చెవి జబ్బు లాంటివి కూడా చిరాకుగా, కోపంగా బయటపడతాయి. ఆపై కుక్కల ప్రవర్తన తెలిసిన శిక్షకుడి సలహా తీసుకోండి. అప్పటికీ కుదరకపోతే కుక్కను ఎవరికో అప్పగించడమో, వీధిలో వదిలేయడమో చేయకుండా, తెచ్చిన షెల్టర్‌కే తిరిగి ఇవ్వండి. దత్తత పత్రంలో సాధారణంగా ఈ షరతు ఉంటుంది కూడా. ఇచ్చేటప్పుడు ఒక కాగితం మీద మీ దగ్గర ఉన్న రోజుల్లో గమనించినదంతా రాయండి: ఏం తింటుంది, ఏ శబ్దానికి భయపడుతుంది, ఎలా పిలిస్తే వస్తుంది, ఎక్కడ తాకితే ఇష్టం, ఎవరి దగ్గర ప్రశాంతంగా ఉంటుంది. బోనులో చూసి ఎవరూ చెప్పలేని ఆ సంగతులు ఇప్పుడు మీకు తెలుసు. దాన్ని తీసుకెళ్లే తర్వాతి కుటుంబం చేతికి ఆ కాగితం అందేలా చూడమని సిబ్బందిని అడగండి.